డిక్కీ పట్టినంతా బండి మోయదు

కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఆ మర్నాడు తెల్లవారుజాము నుంచి మాత్రం అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్ళినా వీధికో కారు డిక్కీ తెరుచుకుని ఉంటుంది. ఇంటి బియ్యం రెండు బస్తాలు, వలిచిన కొబ్బరికాయలు, ఒక అరటి గెల, పచ్చడి జాడీలు, ఆత్రేయపురం పూతరేకుల పెట్టెలు, వాటి మధ్యలో ఇరికించిన సూట్‌కేసులు. మూత పడకపోతే ఒకరు చేత్తో అదిమి పట్టుకుంటారు, ఇంకొకరు గట్టిగా వేస్తారు. మూత పడింది కాబట్టి బండికి సరిపోయిందనే లెక్క. ఇక ఐదుగురు ఎక్కి హైదరాబాదు దాకా నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్ల ప్రయాణం.

మూత పడిందంటే జాగా సరిపోయిందనే అర్థం. బరువు సంగతి అక్కడ తేలదు. సెడాన్ కార్ల, అంటే వెనక విడిగా డిక్కీ పెట్టె ఉండే కార్ల, లోడు విషయంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చేవే. కంపెనీలు డిక్కీ సైజును లీటర్లలో చెబుతాయి. చిన్న సెడాన్లలో అది 380 నుంచి 420 లీటర్ల దాకా, కాస్త పెద్దవాటిలో 500 లీటర్ల దాకా ఉంటుంది. బియ్యం లీటరుకు ఇంచుమించు 800 గ్రాములు తూగుతాయి. అంటే 400 లీటర్ల డిక్కీని బియ్యంతో నింపితే 300 కిలోలు దాటిపోతుంది. ఐదుగురు కూర్చున్న సెడాన్‌లో ఆ బరువు పెట్టాలని ఏ కంపెనీ కూడా అనుకుని కారు తయారు చేయదు. అదే డిక్కీ నిండా పూతరేకుల పెట్టెలు సర్దితే బండికి తెలియనైనా తెలియదు. కాబట్టి డిక్కీ సగమే నిండిందనో, పూర్తిగా నిండిందనో చూసి ఏమీ చెప్పలేం. అందులో ఏముందన్నదే ముఖ్యం.

అసలు అంకె ఎక్కడుంది

ప్రతి కారుకూ రెండు బరువులుంటాయి. ఒకటి ఖాళీ బరువు, కంపెనీ కాగితాల్లో కర్బ్ వెయిట్ అని ఉంటుంది. ఇంజన్ ఆయిలు, కూలెంట్, ట్యాంకులో ఇంధనం, స్టెప్నీ, జాకీ అన్నీ ఇందులోకే వస్తాయి. రెండోది గ్రాస్ వెయిట్. మనుషులు, సామాను, కారు అంతా కలిపి ఇంతకు మించకూడదని తయారు చేసినవాళ్ళు గీసిన గీత అది. రెండోదానిలోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే ఆ కారు మోయగలిగిన బరువు. మన దగ్గర చెప్పే కర్బ్ వెయిట్‌లో సాధారణంగా డ్రైవరు బరువు ఉండదు కాబట్టి, డ్రైవరును కూడా మోసే బరువులోనే లెక్కపెట్టాలి. యూరప్ లెక్కల్లో డ్రైవరుకు 75 కిలోలు ముందే కలిపేస్తారు. అందుకే ఇంటర్నెట్‌లో అక్కడి కార్ల అంకెలు చూసి ఇక్కడి కారుతో పోల్చుకుంటే లెక్క తప్పుతుంది.

ఈ అంకెలు కారుతో పాటు ఇచ్చే మాన్యువల్ చివరి పేజీల్లో, స్పెసిఫికేషన్స్ పట్టికలో ఉంటాయి. ఆర్‌సీ మీద ఖాళీ బరువు ఉంటుంది. ఒకే పేరుతో అమ్మే కారైనా పెట్రోలుకి ఒక అంకె, సీఎన్‌జీకి ఒక అంకె, ఆటోమేటిక్‌కి ఇంకొకటి ఉండొచ్చు కాబట్టి పక్కింటివాళ్ళ కారు అంకె మనకు పనికిరాదు. మన రోడ్ల మీద తిరిగే చిన్న సెడాన్లు ఖాళీగా 900 నుంచి 1000 కిలోల మధ్య, పూర్తి లోడుతో 1300 నుంచి 1450 మధ్య ఉంటాయి. తేడా 400 కిలోల అటూ ఇటూ. కారు పెద్దదైతే ఖాళీ బరువు కూడా పెరుగుతుంది కాబట్టి ఈ తేడా మనం ఊహించినంతగా పెరగదు. పెద్ద సెడాన్ కొన్నాం కాబట్టి రెట్టింపు సామాను పెట్టొచ్చనుకోవడం సరికాదు.

లెక్క కోసం ఒక చిన్న సెడాన్ అనుకుందాం. ఖాళీ బరువు 930 కిలోలు, గ్రాస్ వెయిట్ 1350. మోయగలిగింది 420. ముందు సీట్లలో ఇద్దరు కలిపి 150 కిలోలు, వెనక ముగ్గురు పెద్దవాళ్ళు తలా 70 చొప్పున 210. మనుషులకే 360 అయిపోయింది. డిక్కీకి మిగిలింది 60 కిలోలు.

ఇప్పుడు పండగ డిక్కీని తూచి చూద్దాం. పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు, 50. వలిచిన కొబ్బరికాయ ఒక్కోటి 600 గ్రాములనుకుంటే నలభై కాయలు 24. ఒక మోస్తరు అరటి గెల 20. జాడీలు 10. సూట్‌కేసులు మూడు కలిపి 45. మొత్తం దాదాపు 150 కిలోలు. కారు బరువు 930, మనుషులు 360, సామాను 150, వెరసి 1440. గీత 1350 దగ్గరుంది. అంటే 90 కిలోలు ఎక్కువ. బియ్యం, కొబ్బరికాయలు రెండూ ఇంటి దగ్గర దించేసినా ఇంకా 16 కిలోలు ఎక్కువే.

ఈ లెక్క చూసినవాళ్ళకు మొదట నమ్మకం కుదరదు. ఏటా ఇలాగే వెళ్తున్నాం, ఏమీ కాలేదంటారు. వాళ్ళనేది నిజమే. గీత దాటిన మరుక్షణం యాక్సిల్ విరిగిపోదు. తయారీదారులు కొంత వెసులుబాటు ఉంచే కడతారు. అయితే ఆ వెసులుబాటు గుంతలో పడ్డప్పుడు, సడన్ బ్రేకు వేసినప్పుడు, టైరు పాతబడ్డప్పుడు అక్కరకు రావడానికి ఉంచింది. దాన్ని ముందే బియ్యం బస్తాలతో నింపేస్తే అవసరం వచ్చిన క్షణంలో చేతిలో ఏమీ మిగలదు.

వెనక చక్రాల మీద పడే భారం

సెడాన్ డిక్కీ వెనక చక్రాల కంటే వెనక్కి ఉంటుంది. ఈ ఒక్క సంగతి గమనిస్తే చాలా విషయాలు వాటంతటవే అర్థమవుతాయి. ఎడ్లబండి ఎరిగినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. బండికి వెనక బరువెక్కితే కాడి ఎడ్ల మెడ మీంచి పైకి లేస్తుంది, అందుకే బస్తాలు వేసేటప్పుడు ముందు బరువు చూసుకుంటూ వేస్తారు. కారులో కాడి లేదు గానీ పని చేసే సూత్రం అదే. ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.45 మీటర్లున్న కారులో, వెనక ఇరుసుకు అర మీటరు వెనక్కి 100 కిలోలు పెడితే, వెనక చక్రాల మీద పెరిగేది 100 కాదు, 120. ఆ అదనపు 20 ముందు చక్రాల మీంచి తగ్గుతుంది.

మన 1440 కిలోల బండికి ఇది వేసి చూస్తే బొమ్మ స్పష్టంగా కనిపిస్తుంది. ఇంజను ముందుంటుంది కాబట్టి ఖాళీ కారులో ముందు చక్రాల మీద 570, వెనక చక్రాల మీద 360 కిలోలు ఉన్నాయనుకుందాం. మనుషులు ఎక్కి, డిక్కీ నిండాక ముందు భారం 650కి చేరుతుంది. వెనకది 790 అవుతుంది. ముందు పెరిగింది 80 కిలోలే. వెనక రెట్టింపు దాటిపోయింది. కారు బరువెక్కిందని మనం ఒక్క మాటలో అంటాం గానీ, ఆ బరువంతా దాదాపు వెనక స్ప్రింగుల మీద, వెనక టైర్ల మీదే పడింది. అందుకే మాన్యువల్‌లో కొన్ని కంపెనీలు మొత్తం బరువుతో పాటు ముందు ఇరుసుకు ఇంత, వెనక ఇరుసుకు ఇంత అని విడివిడిగా కూడా ఇస్తాయి. మొత్తం గీత లోపలే ఉండి, వెనక ఇరుసు గీత దాటిపోయే సందర్భాలూ ఉంటాయి.

భీమవరం, ఆకివీడు, ఉండి వైపు రొయ్యల చెరువులున్నవాళ్ళు మేత బస్తాలు కారు డిక్కీలో వేసుకుని వెళ్ళడం మామూలే. ఒక్కో బస్తా 25 కిలోలు. డ్రైవరు ఒక్కడే ఉన్నాడు కదా అని పది బస్తాలు డిక్కీలో వేస్తే, 250 కిలోలు, మొత్తం లెక్క ప్రకారం గీత లోపలే. కానీ ముందు చక్రాల మీంచి 50 కిలోల దాకా లేచిపోతుంది. డ్రైవరు కూర్చున్నా ముందు భాగం ఖాళీ కారు కంటే తేలికగా ఉంటుంది. ఇప్పటి చిన్న సెడాన్లన్నీ ముందు చక్రాలతో లాగేవే. వాన పడ్డ చెరువు గట్టు మీద, నల్లమట్టి జిగురులో, లాగాల్సిన చక్రాల మీద బరువు లేకపోతే అవి అక్కడే తిరుగుతాయి. స్టీరింగ్ తేలిపోయినట్టు ఉంటుంది. అందులో ఐదు బస్తాలు వెనక సీటు ముందు కాళ్ళ దగ్గర, సీటు మీద పడుకోబెట్టి బెల్టుతో బిగిస్తే అదే 250 కిలోలు బండికి చాలా తేలికవుతాయి. బరువైనవి ముందుకి, కిందకి, సీటు వీపుకి ఆనించి పెట్టాలి. తేలికవి వెనక్కి, పైకి. పండగ సామానులో ఇది చాలాసార్లు తలకిందులవుతుంది. సూట్‌కేసులు ముందే సర్దేసి ఉంటాయి, బయల్దేరే ముందు అమ్మమ్మ ఇచ్చిన బియ్యం బస్తా చివరికి మూత దగ్గర పడుతుంది.

టైరు మీద రాసింది, కారు మోసేది

టైరు పక్కన ఒక అంకెల వరస ఉంటుంది. 165/80 ఆర్14 85టీ అని ఉందనుకోండి, చివర్లో ఉన్న 85 ఆ టైరు మోసే బరువుకు సంకేతం. 82 అంటే 475 కిలోలు, 85 అంటే 515, 88 అంటే 560. కొందరు దీన్ని నాలుగుతో గుణించి, 515 చొప్పున నాలుగు టైర్లు 2060 కిలోలు మోస్తాయి, మన కారు 1440 కదా, ఇంకా ఆరు వందలు పెట్టొచ్చనుకుంటారు. టైరు మోసినంత మాత్రాన స్ప్రింగు, షాకబ్జర్లు, బేరింగులు, బ్రేకులు, బాడీ మోస్తాయని కాదు. కారు గీత వీటన్నిటినీ చూసి గీసింది.

పైగా ఆ 515 కిలోలు కూడా టైరులో సరిపడా గాలి ఉంటేనే. మామూలు కారు టైర్లకు ఆ పూర్తి బరువు 36 పీఎస్ఐ దగ్గర లెక్క. గాలి 28కి తగ్గితే టైరు సామర్థ్యం ఇంచుమించు 15 నుంచి 20 శాతం దాకా పడిపోతుంది. 790 కిలోల వెనక భారాన్ని రెండు టైర్లు పంచుకుంటే ఒక్కోదానికి 395. గాలి తగ్గిన టైరుకు 420, 430 కంటే ఎక్కువ సామర్థ్యం ఉండదు. బండి నిలబడి ఉండగానే హద్దు దగ్గరికి వచ్చేసినట్టు. పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కి వందలో వెళ్తుంటే టైరు పక్క గోడ నిమిషానికి వందలసార్లు మడతపడి వేడెక్కుతుంది. టైర్లు పేలేది ఎక్కువగా ఇలాగే, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. మామిడికాయలు, ఆవకాయ జాడీలు వెళ్ళేది కూడా సరిగ్గా ఎండాకాలంలోనే.

డ్రైవరు వైపు తలుపు తీస్తే, తలుపు పక్క స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపలుంటుంది. అందులో తక్కువ మందికి ఒక గాలి, పూర్తి లోడుకు ఒక గాలి అని రెండు వరసలుంటాయి. పూర్తి లోడు వరసలో వెనక టైర్ల అంకె ఎక్కువగా ఉంటుంది. పెట్రోలు బంకులో గాలి కొట్టే అబ్బాయి అలవాటుగా నాలుగింటికీ ఒకే గాలి పెట్టేస్తాడు. అతనికి మన డిక్కీలో ఏముందో తెలియదు కాబట్టి, అంకె మనమే చెప్పాలి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే, అంటే ఊళ్ళోంచి బయల్దేరగానే మొదటి బంకులో చూపించుకోవాలి. రెండు గంటలు నడిచాక చూస్తే వేడికి గాలి పెరిగి ఉంటుంది, సరిపోయిందనిపిస్తుంది.

వేగంతో కలిస్తే

బ్రేకు చేసే పని కదిలే బండిలోని శక్తిని వేడిగా మార్చడం. ఆ శక్తి బరువుతో పాటు పెరుగుతుంది, వేగానికైతే వర్గంలో పెరుగుతుంది. డ్రైవరు ఒక్కడే ఉన్న మన కారు 1000 కిలోలనుకుంటే, 80 కిలోమీటర్ల వేగంలో ఉన్నదానితో పోలిస్తే, 1440 కిలోల బండి 100లో వెళ్తున్నప్పుడు బ్రేకులు మింగాల్సిన శక్తి రెండుంపావు రెట్లు. రోజూ ఒంటరిగా ఆఫీసుకు నడిపే మనిషి కాలికి అలవాటైన బ్రేకు ఆ 1000 కిలోల బండిది. ఎదురుగా గేదె అడ్డొచ్చినప్పుడు కాలు ఆ అలవాటు ప్రకారమే నొక్కుతుంది. బండి ఆగే చోటు మాత్రం మారిపోయి ఉంటుంది. వందలో సెకనుకి 28 మీటర్లు పోతాం. తేరుకోవడానికి పట్టే ఆ ఒక్క సెకనుకే ఇంత ఖర్చవుతుంది.

పూర్తి లోడుతో కూడా బ్రేకుల్ని పరీక్షించాకే కారును రోడ్డు మీదకి అనుమతిస్తారు. కానీ ఆ పరీక్ష గ్రాస్ వెయిట్ దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి పైన పెట్టే ప్రతి కిలో ఎవరూ పరీక్షించనిదే. 2023 అక్టోబరు నుంచి మన దేశంలో అమల్లోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్, అంటే కారు భద్రతను గుద్దించి పరీక్షించి ఇచ్చే స్టార్లు కూడా అంతే. 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించే ఆ పరీక్షలో ముందు ఇద్దరు పెద్దల బొమ్మలు, వెనక ఇద్దరు పిల్లల బొమ్మలు ఉంటాయి. ఐదు స్టార్లు వచ్చిన కారులో ఏడుగురు కూర్చుంటే, ఆ స్టార్లు ఆ ప్రయాణం గురించి చెప్పేది ఏమీ ఉండదు.

మనుషుల సంఖ్య గురించి ఒక మాట. ఐదుగురు లావుపాటి పెద్దలకంటే ముగ్గురు పెద్దలు, నలుగురు చిన్న పిల్లలు బరువు తక్కువే ఉండొచ్చు. బరువు లెక్కలో అది పాసవుతుంది. కానీ బెల్టులు ఐదే. ఒళ్ళో కూర్చోబెట్టుకున్న బిడ్డను గుద్దినప్పుడు ఏ తల్లి చేతులూ ఆపలేవు, ముందు సీటులో అయితే ఎయిర్‌బ్యాగ్‌కీ తల్లికీ మధ్య నలిగేది ఆ బిడ్డే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ బెల్టు లేకుండా మనుషుల్ని ఎక్కించుకుంటే 1000 రూపాయల జరిమానా అంటుంది. జరిమానా సంగతి అలా ఉంచినా, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళే అలవాటు మానాల్సిందే. ఈ ఒక్క విషయంలో సర్దుబాటుకు చోటు లేదు.

విడిగా వదిలేసిన సామాను కూడా ఇలాంటిదే. 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకున్న కారు సుమారు 70 సెంటీమీటర్లలో ఆగిందనుకుంటే, ఆ కాసేపూ ప్రతి వస్తువూ తన బరువుకు సగటున 14 రెట్లు ముందుకు తోస్తుంది. వెనక సీటు మీద కట్టకుండా పెట్టిన పాతిక కిలోల బస్తా 350 కిలోలైపోయి ముందు సీటు వీపుని గుద్దుతుంది. గుద్దుకోవడం దాకా పోనక్కర్లేదు. ఖాళీ ఉంది కదా అని సీట్ల కింద దొర్లించిన వలిచిన కొబ్బరికాయ ఒక్కటి, బ్రేకు వేసినప్పుడు ముందుకొచ్చి పెడల్ కింద చిక్కుకుంటే చాలు. కొబ్బరికాయలు గోనె సంచిలోనే ఉండాలి, మూతి కట్టాలి, డిక్కీలోనే పెట్టాలి.

గట్టు రోడ్లు, వంతెనలు, పంటు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా అంతా కాలవలు అల్లుకున్నాయి. లోపలి ఊళ్ళకు వెళ్ళే దారుల్లో చాలావరకు ఆ కాలవల గట్లే. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క పల్లపు చేను, మధ్యలో తారు. మార్జిన్ మెత్తటి మట్టి. ఎదురుగా ట్రాక్టరు వస్తే సగం చక్రం ఆ మట్టిలోకి దించాల్సిందే. వెనక బరువెక్కిన సెడాన్ వెనక చక్రం మెత్తటి అంచులో దిగితే, ఖాళీ బండి వచ్చినంత తేలిగ్గా బయటికి రాదు. స్టీరింగ్ గట్టిగా తిప్పితే వెనక భాగం కాలవ వైపు జారే ప్రమాదమూ ఉంటుంది. కోతల రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటే ఇది ఇంకా కష్టం, గింజల మీద టైరు పట్టు నిలవదు. బరువున్న బండికి ఇక్కడ ఒకటే మందు, ట్రాక్టరు దగ్గరికి రాకముందే వెడల్పున్న చోట ఆగి దారివ్వడం.

కాలవల మీద పాత వంతెనలు మధ్యలో మూపురంలా లేచి ఉంటాయి. సెడాన్ నేలకు 160, 170 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుందని బ్రోషర్ చెప్పేది ఎక్కువగా ఖాళీ బండి సంగతి. పూర్తి లోడులో వెనక భాగం వేళ్ళతో కొలిచేంత కిందకి దిగుతుంది. మూపురం దాటేటప్పుడు మధ్యలో తగిలేది సైలెన్సర్ గొట్టం లేదా ఇంజను కింది పలక. గ్రామాల్లో ఎవరికి తోచిన ఎత్తులో వాళ్ళు వేసిన స్పీడ్ బ్రేకర్లు మరీ కష్టం. స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోయాక లోపలి రబ్బరు స్టాపర్‌కి తగులుతుంది. ఆ తర్వాత చక్రానికి కదిలే చోటుండదు, దెబ్బంతా బాడీకీ, టైరు పక్క గోడకీ వెళ్తుంది. టైరుకి బుడగ వచ్చిందని వారం తర్వాత గమనిస్తే, అది ఆ స్పీడ్ బ్రేకర్ దగ్గర పుట్టిందే అయుంటుంది.

సఖినేటిపల్లి, నరసాపురం మధ్య గోదావరి దాటించే పంటు మీద కారు ఎక్కించేవాళ్ళకు ఇది బాగా తెలుసు. రేవు ఏటవాలు, పంటు పలక ఇంకో వాలు. రెండూ కలిసే చోట వెనక బంపర్ నేలకు రాసుకుంటుంది. మనుషుల్ని దించి, డ్రైవరు ఒక్కడే ఎక్కిస్తే వెనక చక్రాల మీంచి 200 కిలోల దాకా తగ్గి బండి లేస్తుంది. పెద్దవాళ్ళు దిగడానికి విసుక్కున్నా ఆ రెండు నిమిషాలు దిగడమే మంచిది.

రాత్రిపూట ఇంకో చిక్కుంది, దీన్ని పట్టించుకునేవాళ్ళు చాలా తక్కువ. వెనక దిగితే ముందు లేస్తుంది, హెడ్‌లైట్లు కూడా పైకి చూస్తాయి. లో బీమ్‌లోనే వెళ్తున్నామని మనం అనుకుంటాం, ఎదురుగా మోటారు సైకిల్ మీద వచ్చేవాడికి అది హై బీమ్ లాగే కళ్ళలో కొడుతుంది. వీధి దీపాల్లేని గట్టు రోడ్డు మీద, పక్కనే కాలవ ఉన్నచోట, రెండు సెకన్లు ఏమీ కనిపించకపోవడం అతని ప్రాణం మీదకి తెస్తుంది. దీనికోసమే చాలా కార్లలో స్టీరింగ్ పక్కన 0, 1, 2, 3 అంకెలున్న చిన్న చక్రం పెట్టారు. డ్రైవరు ఒక్కడే ఉంటే సున్నా, వెనక నిండేకొద్దీ పై అంకె. ఏ లోడుకు ఏ అంకెన్నది మాన్యువల్‌లో ఉంటుంది. కారు కొన్నప్పటి నుంచీ అది సున్నా మీదే ఉన్న బళ్ళు ఎక్కువ. వేలితో తిప్పే పని, ఖర్చు లేదు, ఎదుటివాడి కళ్ళు కాపాడుతుంది.

బఫర్లు, గ్యాసు, అంబాసిడర్ మాట

వెనక దిగిపోతోందని స్ప్రింగుల మధ్య రబ్బరు బఫర్లు పెట్టించుకునేవాళ్ళున్నారు. బండి ఎత్తుగా నిలబడుతుంది, కింద తగలడం తగ్గుతుంది. కానీ గ్రాస్ వెయిట్ ఒక్క కిలో కూడా పెరగదు. బ్రేకులు అవే, బేరింగులు అవే, టైర్లు అవే. బండి దిగడం అనేది ఎక్కువైందని చెప్పే గుర్తు. బఫర్లు పెట్టాక ఆ గుర్తు కూడా కనిపించకుండా పోతుంది, ఇంకో బస్తా వేయబుద్ధవుతుంది. నా ఉద్దేశంలో ఎక్కువ బరువు మోయడం కోసం అవి పెట్టించుకోవడం మంచిది కాదు.

సీఎన్‌జీ కార్లలో సిలిండరు, దాని బిగింపులు, గొట్టాలు కలిసి కారు ఖాళీ బరువును బాగా పెంచుతాయి. కంపెనీయే బిగించి ఇచ్చిన కారులో దానికి తగ్గట్టు గ్రాస్ వెయిట్, స్ప్రింగులు మార్చి ఉంటారు. బయట బిగించుకున్న కారుకైతే గీత పాతదే, ఖాళీ బరువు మాత్రం పెరిగింది. ఆ పెరిగినదంతా మోసే బరువులోంచే పోతుంది, అదీ వెనక ఇరుసు దగ్గరే. సిలిండరు పోను డిక్కీలో మిగిలిన జాగా తక్కువ కాబట్టి సామాను ఎలాగూ తక్కువేననుకుంటారు. ఆ సామాను కాస్తా వెనక సీటు మీదకీ, పైన క్యారియర్ మీదకీ మారుతుంది. పైకప్పు మీద చాలా సెడాన్లకు అనుమతించేది 50 నుంచి 75 కిలోలే, క్యారియర్ బరువు కూడా అందులోదే. పైన బరువు పెరిగితే మలుపులో బండి ఒరుగుతుంది.

ఇక అంబాసిడర్ సంగతి. పెళ్ళిళ్ళకి పదిమందిని ఎక్కించుకుని తిరిగాం, ఏమైందని పెద్దవాళ్ళు అంటారు. 2014లో తయారీ ఆగిపోయేదాకా ఆ కారు వెనక కమాన్ కట్టలతోనే, అంటే ఇనుప పట్టీల స్ప్రింగులతోనే వచ్చింది. వాటికి బరువు మోసే ఓర్పు ఎక్కువ, నిజమే. అంతకంటే పెద్ద కారణం అప్పటి రోడ్డు. ఒంటి వరస రోడ్డు మీద నలభై, యాభైకి మించి నడవని రోజులవి. ఇవాళ రావులపాలెం దగ్గర ఎక్కితే వందలో వెళ్ళే రోడ్డు. శక్తి వేగానికి వర్గంలో పెరుగుతుందని పైన చూశాం. 50లో ఉన్న బండి కంటే 100లో ఉన్నదానికి నాలుగు రెట్లు. అప్పటి బరువును ఇప్పటి వేగంలో మోయిస్తున్నామన్నదే అసలు సమస్య.

కాటా మీద ఒకసారి

ఊహలతో పని లేకుండా తేల్చుకునే దారి డెల్టాలో చాలా చోట్ల ఉంది. రైస్ మిల్లుల దగ్గర ధాన్యం లారీల్ని తూచే వేబ్రిడ్జి, మన కాటా. అందరూ ఎక్కాక, సామానంతా సర్దాక కారును ఒకసారి దాని మీద పెట్టించుకోవచ్చు. ముందు చక్రాలు మాత్రమే పలక మీదకి ఎక్కించి ఆపితే ముందు భారం, కారంతా ఎక్కిస్తే మొత్తం, ముందు చక్రాలు దింపేసి వెనకవి పలక మీద ఉంచితే వెనక భారం. కాటా పదేసి కిలోల మెట్లలో చూపించినా మన పనికి సరిపోతుంది. ఒక్కసారి ఇలా చూసుకుంటే తమ కారు ఎంత లోడుకి ఎంత దిగుతుందో ఇంట్లోవాళ్ళకి కంటితోనే తెలుస్తుంది. ప్రతిసారీ తూచక్కర్లేదు.

గీత దాటితే దించాల్సింది బియ్యమే. ఐదుగురు పెద్దలున్న కారులో బియ్యానికి చోటు లేదని లెక్క చెబుతోంది, ఇంటి బియ్యం మీద ఎంత మమకారమున్నా. ఆర్టీసీ కార్గోలోనో, పార్శిల్ లారీలోనో వేస్తే బస్తా వెనకే వచ్చేస్తుంది. ధాన్యం బస్తా 75 కిలోలు, సిమెంటు 50, యూరియా 45. ఇవి సెడాన్‌కి అప్పజెప్పే బరువులు కావు, సూట్‌కేసులకు తోడు ఒకటి వేసినా ఒక మనిషి దిగిపోవాలి. కొబ్బరికాయలు పదో ఇరవయ్యో చాలు. పూతరేకులు ఎన్నైనా తీసుకెళ్ళొచ్చు.

హైదరాబాదు చేరి సామాను దించాక రెండు పనులు మిగులుతాయి. వెనక టైర్లలో పెంచిన గాలిని మర్నాడు స్టిక్కర్ మీది మామూలు అంకెకు తగ్గించాలి, లేకపోతే ఖాళీ బండి గతుకుల మీద ఎగురుతుంది, టైరు మధ్యలో త్వరగా అరుగుతుంది. హెడ్‌లైట్ చక్రాన్ని మళ్ళీ సున్నాకి తిప్పాలి. అలాగే మూడు మీద వదిలేస్తే వెలుగు బండి ముందు దగ్గర్లోనే పడుతుంది, అవతల ఏముందో మనకే కనిపించదు.